ఒకే సైడ్ రూమ్, ముగ్గురు పేషెంట్లు: గది ఎవరికివ్వాలి?

నైట్‌డ్యూటీ సిస్టర్ (ప్రశ్న)

20 పడకల ఆసుపత్రి. జనరల్ వార్డులో ఎనిమిది మంచాలు, దాన్ని ఆనుకుని 10×12 అడుగుల సైడ్ రూమ్ ఒక్కటే. అందులో స్ప్లిట్ ఏసీ ఉంది. ఒకే రాత్రి ముగ్గురు వచ్చారనుకోండి. ఒకరికి నెల రోజులుగా దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, అంటే టీబీ అనుమానం. ఇంకొకరు ముప్పై ఏళ్ల మనిషి, ఒళ్లంతా ఆటలమ్మ. మూడో వ్యక్తికి ఆగకుండా నీళ్ల విరేచనాలు. వార్డులో అప్పటికే ఏడో నెల గర్భిణి ఒకరు, స్టెరాయిడ్లు వాడుతున్న పెద్దాయన ఒకరు ఉన్నారు. గది ఎవరికివ్వాలి? మిగతా ఇద్దర్నీ ఎక్కడ ఉంచాలి? వాసన, అసహ్యం చూసి మామూలుగా విరేచనాల పేషెంటునే గదిలోకి తోస్తుంటారు. అది సరైనదేనా?

ఫిజీషియన్_గుంటూరు

సరైనది కాదు సిస్టర్ గారూ. రోగం ఏ దారిన పోతుందో చూసి గది ఇవ్వాలి. విరేచనాలు చేతులు, బాత్రూమ్, నీళ్ల దారిన పోతాయి. వాటిని మంచం దగ్గరే ఆపొచ్చు. గాలిలో పోయేదాన్ని ఆపాలంటే తలుపు కావాలి.

ఆటలమ్మ, టీబీ రెండూ గాలి దారి పట్టేవే, అయితే వేగం వేరు. ఆటలమ్మ రానివాళ్లు, టీకా వేయించుకోనివాళ్లు అదే గదిలో గంటసేపున్నా అంటుకునే ప్రమాదం ఉంది. టీబీ సాధారణంగా ఎక్కువసేపు, మళ్లీ మళ్లీ ఒకే గాలి పీల్చిన వాళ్లకు పట్టుకుంటుంది. మీ వార్డులో ఆటలమ్మ వస్తే ముప్పెక్కువైన గర్భిణి, స్టెరాయిడ్ల వల్ల రోగనిరోధక శక్తి తగ్గిన పెద్దాయన ఉన్నారు కాబట్టి ఆ రాత్రికి గది ఆటలమ్మకే ఇస్తాను. టీబీ అనుమానితుణ్ణి అదే గదిలో రెండో మంచం మీద పెట్టాలన్న ఆలోచన మాత్రం వద్దు. ఒకరి రోగం ఇంకొకరికి అంటించినట్టవుతుంది.

అసలు ఆటలమ్మ మనిషికి అడ్మిషన్ అవసరమా అన్నది ముందు తేల్చండి. ఆయాసం, మగత, ఆగని వాంతులు లేకపోతే మందు రాసి ఇంటికి పంపడమే మేలు. పొక్కులన్నీ పెచ్చులు కట్టేదాకా ఇంట్లో విడిగా ఉండమనండి. గుమ్మానికి వేపాకులు కట్టి చుట్టాలను రానివ్వకపోవడం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. వేపాకు వైరస్‌ను ఆపదు, ఆ రాకపోకలు ఆగడమే ఉపయోగం. ఒకటి గుర్తుంచుకోండి: పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే అది అంటుకుంటుంది.

గర్భిణికి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని అప్పుడే అడగండి. రాలేదంటే, లేదా గుర్తులేదంటే, ఆటలమ్మ నుంచి రక్షణ ఉందో లేదో చెప్పే వరిసెల్లా ఐజీజీ పరీక్షకు రక్తం పంపి గైనకాలజిస్టుకు చెప్పండి. రక్షణ లేదని తేలితే ఇమ్యూనోగ్లోబులిన్ (రక్షణనిచ్చే యాంటీబాడీల) ఇంజెక్షన్ ఎదురుపడిన పది రోజుల లోపల వేయాలి, ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. పెద్దాయన విషయమూ ఇలాగే కనుక్కోండి. స్టాఫ్‌లో ఆటలమ్మ రానివాళ్లెవరినీ ఆ గదిలోకి పంపొద్దు. పొరపాటున వెళ్లుంటే, ఎదురుపడిన 8వ రోజు నుంచి 21వ రోజు దాకా పేషెంట్ల దగ్గర డ్యూటీ వేయకూడదు.

డాట్స్_సూపర్‌వైజర్

టీబీ అనుమానితుడి సంగతి నేను చెప్తాను. రాగానే సర్జికల్ మాస్కు పెట్టండి. దగ్గర పనిచేసే స్టాఫ్‌కు ఎన్95. ఇది తారుమారైతే ప్రయోజనం ఉండదు: పేషెంటు మాస్కు తుంపర్లను బయటకు రానివ్వకుండా ఆపుతుంది, మన ఎన్95 అప్పటికే గాలిలో తేలుతున్న సూక్ష్మ కణాలను వడకడుతుంది. ఎన్95 పై పట్టీ నడినెత్తి మీద, కింది పట్టీ మెడ వెనక ఉండాలి. రెండు అరచేతులూ మాస్కు మీద కప్పి గట్టిగా ఊదితే అంచుల్లోంచి గాలి తగలకూడదు. గడ్డం ఉంటే ఆ పట్టు కుదరదు.

కళ్లె తీయించేటప్పుడే పెద్ద పొరపాటు జరుగుతుంది. డబ్బా చేతికిచ్చి "బాత్రూమ్‌కెళ్లి ఉమ్మి తీసుకురా" అంటారు. లోతుగా దగ్గి కళ్లె తీసిన ఆ ఇరుకు బాత్రూమ్‌లోకి రెండు నిమిషాల్లో ఇంకొకరు వెళ్తారు. ఆరుబయట, చెట్టు కిందో డాబా మీదో, చుట్టూ మనుషులు లేనిచోట తీయించండి. మూత బిగించాకే లోపలికి తేవాలి. శాంపిల్ అదే రోజు టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకో ట్రూనాట్ పరీక్షకో పోవాలి. నెబ్యులైజర్ పెట్టాల్సి వస్తే వార్డులో వద్దు, వీలైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం)తో ఇన్‌హేలర్ ఇవ్వండి.

నడవగలిగినవాడైతే శాంపిల్ తీసుకుని ఇంటికి పంపొచ్చు. ఉంచక తప్పదంటే గాలి బయటికి పోయే వైపు కిటికీ పక్కనున్న చివరి మంచం ఇవ్వండి, గర్భిణిని, పెద్దాయనను అవతలి కొసకు మార్చండి. రెండువైపులా తెరిచున్న వరండా ఉంటే అది ఇంకా మంచిది. సరైన మందులు మొదలైతే అంటించే గుణం త్వరగా తగ్గుతుంది. భయపడాల్సింది ఇంకా ఎవరూ గుర్తించని దగ్గు గురించి. కంచం, గ్లాసు, దుప్పటి వల్ల టీబీ రాదు, వాటిని విడిగా పెట్టి మనిషిని చిన్నబుచ్చకండి.

బయోమెడికల్_వైజాగ్

ఆ స్ప్లిట్ ఏసీ గురించి ఎవరూ మాట్లాడలేదు. అది బయటి గాలి తీసుకోదు. గదిలో గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. తలుపు మూసి ఏసీ వేస్తే ఆ గదిలో రోగం పేరుకుంటుంది, తలుపు తీసినప్పుడల్లా వార్డులోకి వస్తుంది. ఏసీ ఆపి కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. సీలింగ్ ఫ్యాన్ గాలిని కలుపుతుందే కానీ బయటికి పంపదు.

లెక్క తేలికే. 10×12 గది, పదడుగుల ఎత్తు, 1200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. గాలితో అంటుకునే రోగాల గదిలో గంటకు 12 సార్లు గాలి మారాలి. 34×12 = గంటకు 408 ఘనపు మీటర్లు. డబ్బా మీద రాసిన దానికంటే బిగించాక ఫ్యాన్ తక్కువే లాగుతుంది, కాబట్టి 600కు తగ్గనిది కొనండి. దాన్ని తలుపుకు ఎదురు గోడకు, మంచం తల వైపు బిగించాలి. అది వదిలే గాలి ఓపీ వాళ్లు కూర్చునే చోటికి పోకూడదు. తలుపు కింద అంగుళం సందు వదలండి. గాలి లోపలికొచ్చే దారి లేకపోతే ఫ్యాన్ తిరుగుతుంది, గాలి మాత్రం కదలదు.

బిగించాక పరీక్షకు ఒక అగరుబత్తి చాలు. తలుపు మూసి, ఫ్యాన్ వేసి, వార్డు వైపునుంచి తలుపు కింది సందు దగ్గర వెలిగించి పట్టుకోండి. పొగ గీతలా వంగి గదిలోకి పోవాలి. నిటారుగా లేచినా, మీ వైపు వచ్చినా గది పనిచేయనట్టే. మా కోస్తాలో పగలు సముద్రం వైపునుంచి, రాత్రి నేల వైపునుంచి గాలి వీస్తుంది. కిటికీల మీదే ఆధారపడితే పొద్దునొకసారి, రాత్రొకసారి చూడాలి.

గాలిదే తప్పని ఇంత గట్టిగా ఎలా చెప్తున్నారంటే, 1950ల్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ అనే పరిశోధకుడి బృందం టీబీ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గదికి పంపింది. రోగుల దగ్గరికి పోకుండానే అవి టీబీ తెచ్చుకున్నాయి. అదే గాలిని అతినీలలోహిత కాంతి కింద నడిపి పంపినప్పుడు అంటలేదు.

ఇన్‌ఫెక్షన్_కంట్రోల్_నర్స్

విరేచనాల పేషెంటుకు వార్డులోనే ఒక మంచం, విడిగా ఒక బాత్రూమ్, లేదంటే బెడ్‌పాన్. గ్లవ్స్, ప్లాస్టిక్ ఏప్రన్ అక్కడే వేసుకుని అక్కడే తీసేయాలి. చేతులు సబ్బు, నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి. విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, అలాంటిదే సీ.డిఫ్ అనే బ్యాక్టీరియా స్పోర్లను (గట్టి పెంకున్న బీజాలను) అసలు చంపదు.

బాత్రూమ్‌లో నేల ఒక్కటే తుడిచి వదిలేస్తారు. రోగం అంటుకునేది గొళ్లెం, కుళాయి పిడి, మగ్గు పిడి దగ్గర. ముందు సబ్బునీళ్లతో కడగండి, మురికి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. తర్వాత 0.1 శాతం క్లోరిన్ నీళ్లు రాసి పది నిమిషాలు తడిగా ఉంచండి. 5 శాతం హైపోక్లోరైట్ అయితే 200 మి.లీ.కు నీళ్లు కలిపి పది లీటర్లు చేయాలి. బ్లీచింగ్ పౌడర్ అయితే పది లీటర్లకు 33 గ్రాములు, పైన తేరిన నీళ్లు వాడాలి. ఏరోజుకారోజు కలుపుకోండి. గడ్డకట్టిన పాత పౌడర్‌లో బలం ఉండదు. మంచం మీదా నేల మీదా మలం పడితే కాగితాలతో తీసేసి, అక్కడ 1 శాతం ద్రావణం పోయాలి. యాసిడ్ టాయిలెట్ క్లీనర్‌తో బ్లీచింగ్ ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూమ్‌లో ఆయాకు ప్రాణం మీదికొస్తుంది.

నైట్‌డ్యూటీ సిస్టర్

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. ఆటలమ్మ పేషెంటు వెళ్లిపోయాక గది ఎంతసేపటికి ఇంకొకరికివ్వొచ్చు?

బయోమెడికల్_వైజాగ్

గంటకు 12 సార్లు గాలి మారుతుంటే 35 నిమిషాల్లో గాలిలోని రోగకణాల్లో 99.9 శాతం పోతుంది. 6 సార్లయితే 69 నిమిషాలు. రెండేసార్లు మారే మూసిన గదికి దాదాపు మూడున్నర గంటలు పడుతుంది మేడమ్. ఆలోపు తుడవడానికి వెళ్లే ఆయాకు ఇంతకుముందే ఆటలమ్మ వచ్చి ఉండాలి. టీబీ పేషెంటు ఖాళీ చేసిన గదైతే ఎన్95 ఇచ్చి పంపండి. దుప్పట్లు దులపకుండా, మడిచి సంచిలో వేసుకుని బయటికి తేవాలి.