బయాస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, బోర్డు బతుకుతుందా?

నమస్తే అన్నా, మాది మిర్యాలగూడ. మా బావ జిరాక్స్ సెంటర్‌లో డెస్క్‌టాప్‌కు బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. అప్పటి నుంచి ఫ్యాన్ తిరుగుతోంది గానీ మానిటర్ మీద ఏమీ రావట్లేదు. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ తీసి పెట్టినా అంతే. దానితో పోయేది సెట్టింగులే, ఫర్మ్‌వేర్, అంటే ఆ బయాస్, ఉండేది బోర్డు మీది ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్‌లో కదా!

షాపతనేమో విండోస్ మళ్లీ వేస్తే సరిపోతుందంటాడు. విండోస్‌ను డిస్క్ నుంచి లేపాల్సిందే ఆ ఫర్మ్‌వేర్ అయినప్పుడు అదెలా కుదురుతుంది? ఇంకొకాయన బోర్డే మార్చాలంటున్నాడు. హార్డ్‌వేర్ ఏదీ కాలినట్టు లేదు మరి.

సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌లోకి డేటా రాసే చిన్న యూఎస్‌బీ పరికరం)కు క్లిప్పు పెట్టి చిప్‌లోకి ఫైలు మళ్లీ ఎక్కించొచ్చట. కొన్ని చిప్‌లు 1.8 వోల్టులవి, 3.3 ఇస్తే పాడవుతాయని టెన్షన్. మా చిప్ ఏ రకమో ఎలా గుర్తుపట్టాలి? నల్లగొండలో గానీ సూర్యాపేటలో గానీ ఈ పని చేసేవాళ్లున్నారా?