‘పక్షికన్ను తెగులు’ అని మామిడికి రాయొచ్చా?

ప్రశ్న (రాజేంద్రనగర్ నుంచి ఒక విద్యార్థిని): రైతుల కోసం మామిడి మీద కరపత్రం రాస్తున్నాను. కాయ మీద నల్ల మచ్చలు తెచ్చే ఆంత్రాక్నోస్‌కి ‘పక్షికన్ను తెగులు’ అని రాస్తే, అది ద్రాక్ష తెగులు పేరు, మామిడికి వద్దు అన్నారు మా సార్. పేపర్ల వ్యవసాయ పేజీల్లో రెండింటికీ కనిపిస్తోంది. ఏది రాయమంటారు?

జవాబు: మీ సార్ మాటే వినమ్మా. ఆ పేరు ద్రాక్ష కాయకు అచ్చంగా కుదురుతుంది. గుండ్రటి మచ్చ, మధ్యలో బూడిద రంగు, చుట్టూ ముదురు గోధుమ అంచు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్‌షాహీ ద్రాక్ష తోటలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దానికి కారణం ఎల్సినోయి ఆంపెలీనా అనే శిలీంధ్రం.

మామిడిలో ఆ కన్ను ఎక్కడుంది? మే నెలలో హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కి వెళ్లి మగ్గిన బంగినపల్లి కాయ ఒకటి తిప్పి చూడండి. అంచు తెలియని నల్ల మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. కొన్ని కాయల మీద తొడిమ దగ్గర మొదలై కన్నీటి చారల్లా కిందికి జారతాయి. తేమ తగిలితే మచ్చ మీద నారింజ రంగు జిగురు చుక్కలు తేలతాయి, అవే సిద్ధబీజాల ముద్దలు. ఇది కొల్లెటోట్రైకమ్ అనే వేరే శిలీంధ్రం పని. పచ్చికాయలోనే చొరబడి, కాయ మగ్గేదాకా చప్పుడు చేయకుండా ఉంటుంది. అందుకే తోటలో నిగనిగలాడిన కాయ మండీకి వచ్చాక మచ్చలు తేలుతుంది.

ఇంగ్లీషులో రెండింటినీ ఆంత్రాక్నోస్ అనే అంటారు. గ్రీకులో ఆంత్రాక్స్ అంటే బొగ్గు, నోసోస్ అంటే జబ్బు. వాళ్ల మాట రంగును పట్టుకుంది, మన మాట ఆకారాన్ని పట్టుకుంది. ద్రాక్షకు పుట్టిన తెలుగు పేరును ఆ ఇంగ్లీషు మాట వెంటబెట్టి మామిడికీ అంటించారని నా ఊహ.

మరో సభ్యుడు: ఈ గొడవంతా ఎందుకండీ, శాస్త్రీయనామం రాసేస్తే సరిపోదా?

జవాబు: అసలు చిక్కు అక్కడే ఉందండీ. 1957లో ఫాన్ ఆర్క్స్ అనే శాస్త్రవేత్త వందలకొద్దీ పాత పేర్లను కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్ అనే ఒక్క పేరు కిందికి తెచ్చాడు. మన పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరే నడుస్తోంది. 2012లో వియర్, జాన్‌స్టన్, డామ్ అనే ముగ్గురు జన్యువులు పోల్చి చూస్తే ఆ ఒక్క పేరు వెనక 22 జాతులు తేలాయి. మామిడి మీద దొరికే ఏషియానమ్, సియామెన్స్, ఫ్రక్టికోలా అందులోవే. మైక్రోస్కోప్‌లో వీటి సిద్ధబీజాలు దాదాపు ఒకేలా ఉంటాయి, కంటితో విడదీయలేం. శిలీంధ్రాలన్నిటికీ బార్‌కోడ్‌గా వాడే ఐటీఎస్ అనే డీఎన్ఏ ముక్క కూడా ఈ గుంపులో చాలదు, మరికొన్ని జన్యువులు కలిపి చూడాల్సిందే. అంతా అయ్యాక ఆ బూజును మంచి కాయకు ఎక్కించి, అదే మచ్చ వస్తుందో లేదో చూడాలి, మళ్లీ ఆ మచ్చలోంచి అదే బూజు తీయాలి. ఈ శిలీంధ్రాలు జబ్బు చేయకుండా చెట్టులో ఊరికే బతకగలవు కూడా. మచ్చలో దొరికిందంతా దోషి అనేస్తే ఎలా?

విద్యార్థిని: రైతుకు ఇంత అవసరమా సార్?

జవాబు: అవసరమేనమ్మా. కొల్లెటోట్రైకమ్‌లోనే అక్యుటేటమ్ అనే మరో గుంపు ఉంది, దాని మీద కార్బెండజిమ్ లాంటి మందులు అంత బాగా పనిచేయవు. పేరు తప్పితే మందు తప్పుతుంది, డబ్బు పోతుంది.

కాబట్టి పైన ‘మామిడి మచ్చ తెగులు’ అని పెద్ద అక్షరాల్లో రాయండి, ఆ మాట రైతుకు ఇట్టే అర్థమవుతుంది. కింద ‘కొల్లెటోట్రైకమ్ ప్రజాతికి చెందిన శిలీంధ్రాల వల్ల వస్తుంది’ అని చేర్చండి. ప్రజాతి (జీనస్) అనే రాయండి, జాతి (స్పీషీస్) అని రాస్తే అర్థం మారిపోతుంది. ‘శిలీంధ్రాలు’ అన్న బహువచనం మాత్రం ఎవరు దిద్దినా తీయనివ్వకండి. జాతి పేరు ల్యాబ్‌లో తేలినప్పుడే రాద్దురుగాని.