డీక్యూ200 గేర్‌బాక్స్‌కి 250 ఎన్ఎం నిజంగా హద్దేనా? రీమ్యాప్‌కి ముందు తేల్చండి

శేరిలింగంపల్లి_టీఎస్ఐ

అందరికీ నమస్తే. నాది స్కోడా స్లావియా 1.5 డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, దాని కోడ్ పేరే డీక్యూ200. వారంటీ అయిపోవస్తోంది. స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడంలో మొదటి మెట్టు) కోసం ఒక ట్యూనర్‌ని అడిగితే 150 పీఎస్ పవర్‌ని 185 దాకా, 250 ఎన్ఎం టార్క్‌ని (తిప్పే బలాన్ని) 310 దాకా తీసుకెళ్తానన్నాడు. మరి గేర్‌బాక్స్ సంగతి? "కంపెనీవాళ్లు ఎప్పుడూ తగ్గించే రాస్తారు, ఏం కాదు" అన్నాడు. మా బావమరిదేమో ఆ 7 స్పీడ్ డ్రై క్లచ్ బాక్స్‌కి కంపెనీ పెట్టిన హద్దే 250, ఇంజిన్ ఇప్పటికే అంచు మీద నడుస్తోంది, జోలికి పోవద్దంటాడు. ఇద్దరిలో ఎవరిది రైటు? "చేయించు బ్రో, మస్తుంటది" లాంటి జవాబులు వద్దు. కారణం చెప్పండి.

నెల్లూరు_రెడ్‌లైన్

ట్యూనర్ చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. రేటింగ్ అంటే ఆ నంబర్ దాటగానే బాక్స్ ముక్కలవుతుందని కాదు. గడ్డకట్టే చలిలోనూ గల్ఫ్ ఎండలోనూ అదే బాక్స్ తిరగాలి, ఎలా పడితే అలా నడిపేవాడి చేతిలో కూడా వారంటీ దాటాలి. ఇవన్నీ లెక్కేసుకుని రాసిన నంబర్ అది. రీమ్యాప్ చేసిన డీక్యూ200 కార్లు మన రోడ్ల మీద బోలెడు తిరుగుతున్నాయి. అన్నీ షెడ్‌లో లేవుగా?

బాలానగర్_గేర్

మార్జిన్ ఉంటుంది, కాదనను. నేను గేర్లు కోసే షాపులో పనిచేస్తాను కాబట్టి అడుగుతున్నా: మార్జిన్ దేనికి ఉంది? "గేర్‌బాక్స్" అనేది ఒక్క వస్తువు కాదు. పళ్లు, షాఫ్టులు, బేరింగులు, క్లచ్, ఒక్కోదాని హద్దు ఒక్కోచోట ఉంటుంది.

పళ్లే తీసుకోండి. 310 ఎన్ఎం పడగానే పన్ను విరగదు. అరిగేది దాని ఆయుష్షు. డిజైన్ లెక్కల్లో లోడుకీ, పన్ను తట్టుకునే తిప్పుల సంఖ్యకీ ఉన్న సంబంధం ఆరో ఘాతానికి అటూ ఇటూగా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువగా ఉంటుంది. 250 నుంచి 310 అంటే 24 శాతం పెరుగుదల. ఆరో ఘాతమే వేసుకున్నా, ఆ పూర్తి లోడు కింద ఆయుష్షు నాలుగో వంతు కంటే కాస్త పైన తేలుతుంది. వినడానికి భయంగానే ఉంటుంది గానీ, మన నడకలో పూర్తి టార్క్ పడే సమయం ఎంత? సిటీలో ఉండదన్నట్టే. అందుకే రెడ్‌లైన్ గారు చెప్పిన కార్లు తిరుగుతున్నాయి.

ఈ బాక్స్‌లో నాకు టెన్షన్ పళ్ల గురించి కాదు, క్లచ్ గురించి. రెండూ డ్రై ప్లేట్లే, చల్లబరచడానికి నూనె లేదు. జారుతున్న క్లచ్‌లో పుట్టే వేడి అంటే టార్క్ ఇంటూ జారుడు వేగం. 250 ఎన్ఎం మీద 1000 ఆర్‌పీఎం జారితే 26 కిలోవాట్లు. ఇంట్లో 2 కిలోవాట్ల గీజర్లు 13 ఒకేసారి వేస్తే ఎంతో, అంత వేడి అరచేయంత మందం కూడా లేని ప్లేట్ల మీద. 310 దగ్గర అది 32 దాటుతుంది. పైగా ప్లేటు వేడెక్కితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది.

ఫ్రిస్కో_పోనీ

టెక్సాస్ నుంచి. ఇక్కడ పాత ఫోర్డ్ మస్టాంగ్ 5.0 పిచ్చోళ్లు చాలామంది, నేనూ అందులో ఒకణ్ని. 1987 నుంచి ఆ ఇంజిన్ టార్క్ 300 పౌండ్-ఫుట్, అంటే 407 ఎన్ఎం. 1990కి ముందు కార్లలో వచ్చిన టీ5 మాన్యువల్ బాక్స్ రేటింగ్ మాత్రం 265 పౌండ్-ఫుట్, దాదాపు 359 ఎన్ఎం. కంపెనీయే తన రేటింగ్ కంటే పెద్ద ఇంజిన్ పెట్టి అమ్మింది! ఆ తర్వాతే 300కి పెంచారు. మామూలుగా నడిపినవాళ్ల బాక్సులు ఏళ్లకేళ్లు బతికాయి. డ్రాగ్ స్లిక్ టైర్లు (గట్టి పట్టున్న రేసు టైర్లు) వేసి క్లచ్ దబీమని వదిలినవాళ్లకి మూడో గేర్ పళ్లు ఊడాయి. కారు బరువు, టైర్ పట్టు, నడిపే కాలు చూడకుండా రేటింగ్ ఒక్కటే చూస్తే ఏమీ తేలదు.

నెల్లూరు_రెడ్‌లైన్

అదే నేననేది. థాంక్స్ అన్నా.

బాలానగర్_గేర్

ఫ్రిస్కో గారి ఉదాహరణ మంచిదే, కానీ ఇక్కడికి సరిపోదు. టీ5లో క్లచ్ వేరే సామాను. నచ్చకపోతే గట్టిది కొని బిగించుకుంటాం, రేటింగ్ గేర్లదే. డీక్యూ200లో క్లచ్ బాక్స్‌లో భాగం. దాన్ని ఎంత గట్టిగా నొక్కాలో మీ కాలు కాదు, టీసీయూ (గేర్‌బాక్స్ కంప్యూటర్) నిర్ణయిస్తుంది.

క్లచ్ దబీమని వదిలితే పడే దెబ్బ గురించి ఆయన చెప్పింది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. నిస్సాన్ ఆర్35 జీటీ-ఆర్ వచ్చిన కొత్తలో అమెరికాలో ఇంజిన్ ముట్టుకోనివాళ్లకే గేర్‌బాక్సులు పోయాయి. స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసి లాంచ్ కంట్రోల్ (ఆగిన చోటినుంచి కారుని ఒక్కసారిగా దూకించే ఫీచర్) వాడితే వారంటీ లేదని కంపెనీ, ఆ ఫీచర్ పెట్టి అమ్మింది మీరే కదా అని ఓనర్లు. చివరికి లాంచ్ ఆర్‌పీఎం తగ్గించి సాఫ్ట్‌వేర్ మార్చారు. టార్క్ నంబర్ అదే, పడే తీరు వేరు.

ఆటోనగర్_బెజవాడ

నేను వర్క్‌షాప్ మనిషిని. ఏ పేరూ చెప్పను గానీ, నా దగ్గరికి వచ్చేవి ఎలా వస్తాయో చెప్తా. కస్టమర్ మొదటి మాట "రెండో గేర్‌లో వణుకు". ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు కారు సన్నగా దడదడలాడుతుంది. విప్పితే క్లచ్ చుట్టూ ఉండే బెల్ హౌసింగ్ నిండా నల్లటి పొడి, ప్రెషర్ ప్లేట్ మీద నీలం రంగు మచ్చలు. ఆ నీలం అంటే అక్కడ కాలిందని. రీమ్యాప్ లేని కార్లకీ ఇది వస్తుంది, అది ఒప్పుకోవాలి. మాదాపూర్ ట్రాఫిక్‌లో బ్రేక్ సగం వదిలి పాకించే అలవాటే చాలు.

రీమ్యాప్ కార్లలో నేను ముందు చూసేది వేరే. ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) "ఇప్పుడు ఇంత టార్క్ ఇస్తున్నా" అని టీసీయూకి చెబుతుంది. టీసీయూ ఆ మాట నమ్మి క్లచ్‌ని అంత బలంతోనే నొక్కుతుంది. కొందరు ట్యూనర్లు టార్క్‌కి పెట్టిన లిమిటర్ అడ్డొస్తోందని ఆ లెక్కనే మార్చేస్తారు. ఇంజిన్ 310 ఇస్తూ 250 అని చెబుతుంది. అప్పుడు క్లచ్ 250కి సరిపడా నొక్కుడుతో 310 మోయాలి. పై గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే ఆర్‌పీఎం ముందు లేచి, స్పీడ్ తర్వాత వస్తుంది. ఆ లక్షణం కనిపించిన బండి ఆరు నెలల్లో నా దగ్గరే ఉంటుంది. కాబట్టి ట్యూనర్‌ని "310 తట్టుకుంటుందా" అని అడక్కండి, "టీసీయూ కూడా ట్యూన్ చేస్తావా, టార్క్ లెక్క నిజంగానే పంపుతావా" అని అడగండి. తడబడితే లేచి వచ్చేయండి.

లా_లక్ష్మి

మధ్యలో ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. రీమ్యాప్ విషయం దాచి ఇన్సూరెన్స్ తీసుకుంటే, క్లెయిమ్ రోజున అది మీ మెడకే చుట్టుకోవచ్చు. ఇక మీరు కొట్టుకోండి.

వైజాగ్_సీఏఎన్

250 దాటాలా వద్దా అని అందరూ వాదిస్తున్నారు. దాటకుండానే కారు వేగం పెరుగుతుందన్న సంగతి ఎవరూ ఎత్తలేదే!

పవర్ అంటే టార్క్ ఇంటూ ఆర్‌పీఎం. స్లావియా 1.5లో 250 ఎన్ఎం 1600 నుంచి 3500 వరకే, ఆపైన పడిపోతుంది. 150 పీఎస్ 5000 దగ్గర వస్తోందంటే అక్కడ టార్క్ 210 మాత్రమే. అదే 250ని 5000 దాకా నిలబెడితే లెక్క ప్రకారం 178 పీఎస్. గేర్‌బాక్స్ హద్దు ఒక్క ఎన్ఎం కూడా దాటలేదు.

ఇది నా ఊహ కాదు, కంపెనీయే చేసి చూపించింది. 2013లో మన దగ్గరికి వచ్చిన ఆక్టేవియా 1.8 టీఎస్ఐ గుర్తుందా? 180 పీఎస్, సరిగ్గా 250 ఎన్ఎం, 1250 నుంచి 5000 ఆర్‌పీఎం వరకు గీత గీసినట్టు. బాక్స్ ఇదే డీక్యూ200. అదే 1.8 ఇంజిన్‌ని బయట దేశాల్లో ఆడీ ఏ3 క్వాట్రోలో 6 స్పీడ్ వెట్ క్లచ్ (నూనెలో తిరిగే క్లచ్) బాక్స్‌తో ఇచ్చినప్పుడు 280కి పెంచారు. ఇంజిన్‌కి దమ్ము ఉంది, బాక్స్ చూసి ఆపారు. "తగ్గించే రాస్తారు" అనే ట్యూనర్ దీనికి ఏం చెప్తాడు?

నెల్లూరు_రెడ్‌లైన్

లెక్క బాగుంది సార్, కానీ 1.5కి ఉన్నది చిన్న టర్బో. 5000 దాకా 250 నిలబెట్టాలంటే దాని ఊపిరి సరిపోదు. గాలి వేడెక్కి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి పోయి పవర్ తగ్గుతుంది, మే నెలలో మరీనూ. పైగా రీమ్యాప్ చేయించుకునేవాడికి కావాల్సింది 2000 దగ్గర వెన్నులో తగిలే తోపు. మీరు చెప్పిన మ్యాప్‌లో ఆ తోపు ఉండదు, డబ్బులు దండగ అంటాడు.

వైజాగ్_సీఏఎన్

టర్బో సంగతి ఒప్పుకుంటా. 178 రాకపోవచ్చు, 165-170 దగ్గర ఆగొచ్చు. కానీ మీరన్న ఆ 2000 దగ్గరి తోపే క్లచ్‌కి అన్నిటికంటే చెడ్డది. ముందు చక్రాల కారు కాబట్టి ఒకటో గేర్‌లో టైరే జారిపోయి బాక్స్‌ని కాపాడుతుంది. నాలుగు, ఐదు గేర్లలో టైరు జారదు. ఓఆర్ఆర్ మీద 60లో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే తక్కువ ఆర్‌పీఎంలో మొత్తం టార్క్ క్లచ్ మీదే. 310 తోపు కావాలంటే డబ్బు దాచుకుని వెట్ క్లచ్ కారు కొనుక్కోవడం మేలు.

ఫ్రిస్కో_పోనీ

నా టీ5 ఉదాహరణకి దీంతో గొడవేం లేదు. నడిపే తీరు అన్నాను, ఈయన ఆ తీరునే మ్యాప్‌లో రాయమంటున్నాడు.

శేరిలింగంపల్లి_టీఎస్ఐ

ట్యూనర్‌కి ఫోన్ చేశా. 250 దగ్గర కత్తిరించిన ఫైల్ ఇస్తావా అంటే "అలా ఎవరూ అడగరు సార్, స్టాండర్డ్ స్టేజ్ 1 ఫైలే ఉంది" అన్నాడు. టీసీయూ ట్యూన్ సంగతి అడిగితే ఎక్స్‌ట్రా అన్నాడు, టార్క్ లెక్క గురించి అడిగితే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంకో ఇద్దరితో మాట్లాడతా. ఈలోగా నా కారు ఇప్పుడెలా ఉందో తెలుసుకోవాలంటే ఏం చేయాలి?

ఆటోనగర్_బెజవాడ

ముట్టుకోకముందే ఓబీడీ (కారులోని డయాగ్నస్టిక్ పోర్టు)తో లాగ్, అంటే రికార్డు, తీయండి. ఐదో గేర్, మాన్యువల్ మోడ్, 1600 నుంచి 3500 దాకా ఫుల్ యాక్సిలరేటర్, ఖాళీ రోడ్డు మీద, స్పీడ్ లిమిట్ లోపలే. ఇంజిన్ ఆర్‌పీఎం, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ ఆర్‌పీఎం రెండూ పక్కపక్కన ఉండాలి. స్టాక్‌లోనే (రీమ్యాప్ లేకుండానే) ఆ రెంటికీ తేడా వస్తుంటే ఇక రీమ్యాప్ మాటే వద్దు, ముందు క్లచ్ చూపించుకోండి. ఫైల్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.