బుండెస్‌లీగా సీజన్ మొత్తం వరసగా ఫాలో అవ్వాలంటే: టైమింగ్స్, పట్టిక, స్టేడియం టికెట్లు

కూకట్‌పల్లి కార్నర్‌కిక్ (ప్రశ్న)

ప్రీమియర్ లీగ్ బాగానే తెలుసు. ఈసారి జర్మనీ టాప్ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లీగాని హైలైట్స్‌తో సరిపెట్టుకోకుండా ఆగస్టు నుంచి మే దాకా వరసగా చూద్దామనుకుంటున్నాను. మూడు చోట్ల తికమక పడుతున్నాను. మ్యాచ్ టైమ్ ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉంటోంది. పట్టికలో యూరప్ క్లబ్ పోటీలకి వెళ్ళేది ఎన్నో స్థానం దాకా అంటే ఒకరు ఆరు అంటారు, ఇంకొకరు ఎనిమిది అంటారు. ఇక మూడోది: తమ్ముడు జర్మనీలోని డార్ట్‌మండ్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు, క్రిస్మస్ సెలవుల్లో వాడి దగ్గరికి వెళ్తే స్టేడియంలో ఒక మ్యాచ్ చూడొచ్చా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

---

బెర్లిన్ గడియారం

టైమింగ్స్ సంగతి చెప్తాను. జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో 34 మ్యాచ్‌డేలకీ (ఒక్కో మ్యాచ్‌డే అంటే తొమ్మిది మ్యాచ్‌ల రౌండు) ఎవరితో ఎవరు ఆడతారన్నది మాత్రమే బయటికొస్తుంది. ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నది లీగ్ ఆ తర్వాత విడతలవారీగా ప్రకటిస్తుంది. అప్పటిదాకా చాలా యాప్‌లు తొమ్మిది మ్యాచ్‌లనీ తీసుకెళ్ళి శనివారం 15:30లో పెట్టేస్తాయి. కాబట్టి తొమ్మిదీ ఒకే టైమ్‌లో కనిపిస్తే ఆ వారం ఇంకా ఖరారు కాలేదని అర్థం చేసుకోండి. ఒక్క 34వ మ్యాచ్‌డే మాత్రం దీనికి మినహాయింపు, ఆ రోజు నిజంగానే తొమ్మిదీ ఒకేసారి మొదలవుతాయి.

విడతలు ఎందుకంటే, గురువారం యూరోపా లీగో కాన్ఫరెన్స్ లీగో ఆడి వచ్చిన జట్టుకి ఆదివారం ఇవ్వాలి. మంగళవారం చాంపియన్స్ లీగ్ ఉన్న జట్టుని శుక్రవారమో శనివారమో ఆడించాలి. పక్కపక్క ఊళ్ళలో ఒకేరోజు పెద్ద మ్యాచ్‌లు పడితే పోలీసు బందోబస్తు కూడా చూసుకోవాలి. ఆ పోటీల్లో ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసి తేల్చే డ్రాలు అయ్యేదాకా ఇవేవీ తేలవు.

జర్మనీ మనకంటే వేసవి టైమ్‌లో మూడున్నర గంటలు, చలికాలం టైమ్‌లో నాలుగున్నర గంటలు వెనక. మార్పు అక్టోబర్ చివరి ఆదివారం ఒకసారి, మార్చి చివరి ఆదివారం ఇంకోసారి. మన గడియారంలో ఇలా పడతాయి (ముందుది వేసవి, తర్వాతది చలికాలం):

శుక్రవారం 20:30: అర్ధరాత్రి 12:00 / 1:00, అంటే మనకి తేదీ మారి శనివారం అయిపోతుంది
శనివారం 15:30: రాత్రి 7:00 / 8:00
శనివారం 18:30: రాత్రి 10:00 / 11:00
ఆదివారం 15:30: రాత్రి 7:00 / 8:00
ఆదివారం 17:30: రాత్రి 9:00 / 10:00
కొన్ని వారాల్లో ఆదివారం 19:30: రాత్రి 11:00 / 12:00

ఎక్కువమంది దెబ్బతినేది శుక్రవారం మ్యాచ్ దగ్గరే. ఫోన్‌లో "శనివారం 12:00" అని చూసి శనివారం రాత్రి దాకా ఎదురుచూస్తారు, అప్పటికి మ్యాచ్ మొదలై ఇరవై నాలుగు గంటలు గడిచిపోతుంది. రెండో చిక్కు అక్టోబర్ చివరి వారాంతం: ఒకే మ్యాచ్‌డేలో శనివారం 15:30 మ్యాచ్ మనకి ఏడింటికి, మర్నాడు అదే 15:30 మ్యాచ్ ఎనిమిదింటికి. చేత్తో రిమైండర్ పెట్టుకుంటే ఈవెంట్ టైమ్‌జోన్ బెర్లిన్ అని పెట్టండి, మిగతా లెక్క ఫోన్ చూసుకుంటుంది. క్లబ్ సైట్‌లో క్యాలెండర్ లింక్ ఉంటే ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోకండి, సబ్‌స్క్రైబ్ చెయ్యండి. ఫైల్‌లో పాత టైమ్ అలాగే ఉండిపోతుంది. సబ్‌స్క్రిప్షన్ అయితే టైమ్ మారినప్పుడల్లా మీ ఫోన్‌లోనూ మారుతుంది.

ఇండియాలో ప్రసార హక్కులు చేతులు మారుతుంటాయి, సీజన్ ముందు లీగ్ అధికారిక సైట్‌లో దేశాలవారీ జాబితా చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి. తమ్ముడి సంగతి వేరు. 2025-26 నుంచి నాలుగు సీజన్లు జర్మనీలో హక్కులు రెండుగా చీలాయి. శుక్రవారం మ్యాచ్, శనివారం మ్యాచ్‌లు విడివిడిగా స్కై చానెల్లో. శనివారం 15:30 మ్యాచ్‌లన్నీ కలిపి తిప్పుతూ చూపించే కాన్ఫరెన్స్, ఆదివారం మ్యాచ్‌లు డాజోన్ అనే స్ట్రీమింగ్ సర్వీసులో. డబ్బులేమీ కట్టకుండా కావాలంటే శనివారం సాయంత్రం ఏఆర్‌డీ అనే ఉచిత చానెల్లో స్పోర్ట్‌షౌ కార్యక్రమంలో హైలైట్స్ వస్తాయి.

---

పదహారో స్థానం

ఆరు అన్నవాళ్ళూ ఎనిమిది అన్నవాళ్ళూ ఇద్దరూ కరెక్టే, ఏ సీజన్ గురించి అన్నదే తేడా.

మామూలు లెక్క ఇది: 18 జట్లు, మొదటి నాలుగు చాంపియన్స్ లీగ్‌కి, ఐదోది యూరోపా లీగ్‌కి, ఆరోది కాన్ఫరెన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌కి. వీటితోపాటు డీఎఫ్‌బీ పొకాల్ (జర్మన్ ఫుట్‌బాల్ సంఘం డీఎఫ్‌బీ నడిపే కప్ పోటీ) గెలిచిన జట్టుకి ఒక యూరోపా లీగ్ చోటు. ఆ గెలిచిన జట్టు లీగ్ ద్వారా ముందే చాంపియన్స్ లీగ్‌కో యూరోపా లీగ్‌కో వెళ్ళిపోయి ఉంటే ఆ చోటు పట్టికలో కిందికి జారుతుంది. దానికి తోడు, ఆ ఏడాది యూరప్ పోటీల్లో బాగా ఆడిన రెండు దేశాలకి చాంపియన్స్ లీగ్‌లో ఒక్కో అదనపు చోటు దక్కుతుంది.

2023-24లో రెండూ కలిసొచ్చాయి. జర్మనీకి అదనపు చోటు రావడంతో ఐదో స్థానంలో ఉన్న డార్ట్‌మండ్ చాంపియన్స్ లీగ్‌కి వెళ్ళింది. పొకాల్ గెలిచిన లెవర్‌కుసెన్ అప్పటికే చాంపియన్. దాంతో యూరోపా లీగ్ చోట్లు ఆరో స్థానం ఫ్రాంక్‌ఫర్ట్‌కీ ఏడో స్థానం హాఫెన్‌హైమ్‌కీ వెళ్ళాయి. పై లీగ్‌లోకి అదే మొదటిసారి వచ్చిన హైడెన్‌హైమ్ ఎనిమిదో స్థానంతో కాన్ఫరెన్స్ లీగ్‌కి వెళ్ళింది. అంతటితో అయిపోలేదు. ఆ ఏడాది డార్ట్‌మండ్ చాంపియన్స్ లీగ్ ఫైనల్ గెలిచి ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్ కూడా చాంపియన్స్ లీగ్‌లోకి వెళ్ళేది. రియల్ మాడ్రిడ్ చేతిలో 0-2తో ఓడటంతో అది జరగలేదు.

మరుసటి ఏడాది అంతా తారుమారు. అదనపు చోటు రాలేదు. తొమ్మిదో స్థానంలో ముగించిన ష్టుట్‌గార్ట్ పొకాల్ ఫైనల్లో మూడో డివిజన్ జట్టు బీలెఫెల్డ్‌ని 4-2తో ఓడించి యూరోపా లీగ్‌కి వెళ్ళింది. ఏడో స్థానంలో ఉన్న లైప్‌జిగ్‌కి ఏమీ దక్కలేదు. అందుకే ఏప్రిల్‌లో పొకాల్ సెమీఫైనల్స్ అయ్యాక ఒకసారి పట్టిక ముందు కూర్చుని చూడండి: ఫైనల్ చేరిన ఇద్దరిలో ఎవరు గెలిస్తే ఆరో, ఏడో స్థానానికి విలువ మారుతుందో అప్పుడే తేలిపోతుంది.

పాయింట్లు సమానమైతే ముందు గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేస్తే వచ్చేది), తర్వాత కొట్టిన మొత్తం గోల్స్, ఆ తర్వాతే ముఖాముఖి ఫలితాలు. స్పెయిన్ లీగ్ చూసేవాళ్ళు ముఖాముఖి ముందనుకుని లెక్క తప్పుతారు. 2022-23 చివరి రోజు ఉదయానికి డార్ట్‌మండ్ 70, బయర్న్ 68. సొంతగడ్డ మీద మైంజ్‌తో డార్ట్‌మండ్ 2-2 డ్రా చేసుకుంది. కొలోన్‌లో 89వ నిమిషంలో ముసియాలా గోల్‌తో బయర్న్ 2-1తో గెలిచింది. ఇద్దరికీ 71. బయర్న్ గోల్ డిఫరెన్స్ +54, డార్ట్‌మండ్‌ది +39. టైటిల్ బయర్న్‌కి.

నా దృష్టిలో ఈ లీగ్‌లో అసలు ఉత్కంఠ పట్టిక అడుగునే ఉంటుంది. 17, 18 స్థానాలు నేరుగా కిందికి. 16వ జట్టు పై లీగ్‌లో చోటు కోసం రెండో డివిజన్‌లో మూడోదిగా నిలిచిన జట్టుతో రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్ ఆడాలి. అవతలి జట్టు మైదానంలో కొట్టిన గోల్స్‌కి ఎక్కువ విలువిచ్చే నియమం ఇప్పుడు లేదు. మొత్తం సమానమైతే అదనపు సమయం, తర్వాత పెనాల్టీలు. 2024లో 15వ స్థానంలో ఊనియన్ బెర్లిన్, 16వ స్థానంలో బోఖుమ్, ఇద్దరికీ 33 పాయింట్లే, విడదీసింది గోల్ డిఫరెన్స్. చివరి రోజు ఊనియన్ ఇంజురీ టైమ్‌లో గోల్ కొట్టి ఫ్రైబుర్గ్ మీద 2-1తో గెలిచింది, అదే సమయంలో బోఖుమ్ బ్రెమెన్‌లో 1-4తో ఓడింది. ఆ తర్వాత ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో బోఖుమ్ సొంత మైదానంలోనే డ్యూసెల్‌డార్ఫ్ చేతిలో 0-3తో చిత్తయింది. నాలుగు రోజుల తర్వాత అక్కడికెళ్ళి 3-0తో గెలిచి, పెనాల్టీల్లో 6-5తో బయటపడింది. అప్పుడు టీవీ కట్టేసినవాళ్ళు చాలా పోగొట్టుకున్నారు.

"40 పాయింట్లు వస్తే సేఫ్" అనే మాట ప్రతిచోటా వినిపిస్తుంది. 34 మ్యాచ్‌ల లీగ్‌కి అది మరీ ఎక్కువ. 2023, 2024, 2025లో 16వ జట్టుకి వచ్చినవి వరసగా 33, 33, 29. కాబట్టి 34-35ని గీతగా పెట్టుకుని, మార్చి నుంచి కింది ఐదారు జట్లకి ఎవరెవరితో మ్యాచ్‌లు మిగిలున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. వాళ్ళలో వాళ్ళు ఆడుకునే మ్యాచ్‌లకి చుట్టు గియ్యండి. బయర్న్ మ్యాచ్ వదిలేసి అవి చూడండి.

---

ఐదో పసుపు

ఇంకో రెండు మాటలు కలుపుతున్నా అన్నా. పసుపు కార్డుల లెక్క పెట్టుకో. లీగ్‌లో ఐదో పసుపు పడితే ఒక మ్యాచ్ బయట, తర్వాత పదోదానికి, పదిహేనోదానికి మళ్ళీ అంతే. సగం సీజన్ అయినంక లెక్క సున్నా కాదు. పొకాల్‌ల పడ్డ పసుపు ఈ లెక్కల కలవదు. ఒకే మ్యాచ్‌ల రెండు పసుపులు పడి బయటికి పోతే ఒక మ్యాచ్. నేరుగా ఎరుపు అయితే ఎన్ని మ్యాచ్‌లన్నది డీఎఫ్‌బీ స్పోర్ట్స్ కోర్టు చెప్తది. కోచ్‌లకు కూడా కార్డులున్నయ్, వాళ్ళకు నాలుగు పసుపులకే ఒక మ్యాచ్ బెంచ్ బంద్. పెద్ద మ్యాచ్‌కు ముందు వారం డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ నాలుగు మీద ఉన్నడా అని చూస్కో, ఆయన టాకిల్‌కు పోకుండా ఎందుకు ఆగుతున్నడో అర్థమైతది.

కికర్ పత్రిక ఇచ్చే మార్కులు తలకిందులు చదవకు. 1 అంటే అద్భుతం, 6 అంటే ఘోరం. 4.5 వచ్చిన ఆటగాడు యావరేజ్ కాదు, బాగా ఆడలే.

---

రూర్ తెలుగువాడు

క్రిస్మస్ వారంలో మ్యాచ్ దొరకదు. ఇంగ్లండ్‌లో బాక్సింగ్ డే (డిసెంబర్ 26) మ్యాచ్‌లు ఉంటాయి కదా అని ఇక్కడికి టికెట్ బుక్ చేసేస్తారు. ఇక్కడ డిసెంబర్ 20-22 ప్రాంతంలో చివరి మ్యాచ్‌డే, మళ్ళీ మొదలయ్యేది జనవరి రెండో వారాంతం అటూఇటుగా. రెండో డివిజన్‌కి విరామం ఇంకా ఎక్కువ. కాబట్టి డిసెంబర్ రెండో వారంలో దిగేలాగానో, జనవరి 10 దాటాక కూడా ఉండేలాగానో విమానం చూసుకోండి. పైన చెప్పినట్టు రోజు, టైమ్ ఖరారయ్యాకే రైలు, హోటల్. తేదీ శుక్రవారం నుంచి ఆదివారానికి జరిగినా మీ రైలు టికెట్‌కి ఎవరూ డబ్బు వెనక్కివ్వరు.

డార్ట్‌మండ్ స్టేడియంలో 81,365 మంది పడతారు, అయినా టికెట్ కష్టం. ఒక్క దక్షిణం వైపు నిలబడే స్టాండులోనే 24,454 మంది, అందులో దాదాపు అంతా సీజన్ టికెట్ల వాళ్ళే. అమ్మకం మొదట సభ్యులకి, మిగిలితేనే మిగతావాళ్ళకి. బయటివాళ్ళకి నమ్మదగ్గ దారి ఒక్కటే: క్లబ్ సొంతంగా నడిపే రీసేల్ పేజీ. సీజన్ టికెట్ ఉండి రాలేనివాళ్ళు అక్కడ పెడతారు. మ్యాచ్‌కి ముందు రెండు మూడు రోజుల్లో ఎక్కువగా కనిపిస్తాయి, పేజీ తిరగేస్తూ ఉండాలి. అనధికార సైట్లలో మూడు నాలుగు రెట్లు పెట్టి కొన్న టికెట్‌ని క్లబ్ రద్దు చేసే హక్కు నిబంధనల్లోనే ఉంటుంది, గేటు దగ్గర స్కాన్ కాకపోతే ఎవరినీ అడగలేరు.

దొరక్కపోతే బాధపడకండి. డార్ట్‌మండ్ ఉన్న రూర్ ప్రాంతంలో ఉండటమే అదృష్టం: బోఖుమ్, గెల్సెన్‌కిర్షెన్, ఎసెన్, డ్యూయిస్‌బర్గ్ అన్నీ ప్రాంతీయ రైలు దూరమే. తమ్ముడి సెమిస్టర్ టికెట్ ఆ రైళ్ళకి పనికొస్తుంది, వేగంగా వెళ్ళే ఐసీఈ రైలుకి పనికిరాదు. కింది డివిజన్‌లో నిలబడి చూసే టికెట్ చాలా చవక, పాటలు, జెండాలు మాత్రం ఏమీ తగ్గవు.

ఆ రోజు చూసుకోవాల్సినవి: ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగు చాలాచోట్ల లోపలికి రానివ్వరు. టికెట్ మీద లోకల్ రవాణా కలిపి ఉందని రాసి ఉంటే స్టేడియం దాకా బస్సు, మెట్రో ఉచితం. డార్ట్‌మండ్‌లో అయితే సెంట్రల్ స్టేషన్ కింద నుంచి యూ45 ఎక్కాలి. గ్లాసుకి డిపాజిట్ కలిపి తీసుకుంటారు, గ్లాసు తిరిగిస్తేనే వెనక్కొస్తుంది. స్టాండులో అల్ట్రాస్ (వీరాభిమానుల గుంపులు) నిలబడే మధ్యభాగానికి వెళ్ళకండి, జెండాల వెనక ఆట కనిపించదు, ఫోన్ పైకెత్తి వీడియో తియ్యడం అక్కడ ఎవరికీ నచ్చదు. అవతలి జట్టు స్కార్ఫ్ వేసుకుని ఆ స్టేడియం సొంత జట్టు అభిమానుల స్టాండులోకి అసలే వెళ్ళొద్దు.

మ్యాచ్ లేని రోజుల్లో వస్తే స్టేడియం టూర్, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జర్మన్ ఫుట్‌బాల్ మ్యూజియం రెండూ ఒకే రోజులో అవుతాయి.

---

కూకట్‌పల్లి కార్నర్‌కిక్

అందరికీ చాలా థాంక్స్. విమానం జనవరికి మారుస్తున్నాను. చివరిగా ఒకటి: క్లబ్ ఎంచుకోవడం ఎలా? ఇండియా నుంచి మెంబర్‌షిప్ తీసుకుంటే టికెట్ వస్తుందా?

---

పదహారో స్థానం

టైటిల్ కోసమే అయితే బయర్న్, అందులో తప్పేం లేదు. 2013 నుంచి 2023 దాకా వరసగా 11 గెలిచారు, 2024లో లెవర్‌కుసెన్ 28 గెలుపులు, 6 డ్రాలతో ఒక్కటీ ఓడకుండా ఆ వరస తెంపింది. సీజన్ మొత్తం ప్రతి వారం ఏదో ఒక లెక్క ఉండాలంటే మాత్రం మధ్యలో ఉండే జట్టుని పట్టుకోండి. ఫ్రైబుర్గ్, మైంజ్, బ్రెమెన్ లాంటివాటికి అక్టోబర్‌లో కింద భయం, ఏప్రిల్‌లో పైన ఆశ.

మెంబర్‌షిప్‌కి ఇక్కడ వేరే విలువ ఉంది. 50+1 నియమం ప్రకారం క్లబ్ ఫుట్‌బాల్ జట్టుని నడిపే కంపెనీలో ఓట్ల మెజారిటీ సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. లెవర్‌కుసెన్, వోల్ఫ్స్‌బుర్గ్ పాత మినహాయింపులు. 2024 ఫిబ్రవరిలో లీగ్ బయటి పెట్టుబడిదారుని తెద్దామనుకుంటే అభిమానులు వారాల తరబడి మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపించారు. ఆ నెలలోనే లీగ్ ఆ ఒప్పందం ఆలోచన వదులుకుంది. సభ్యుడంటే వార్షిక సమావేశంలో ఓటు వేసే మనిషి. అందుకే అది టికెట్ హామీ కాదు, ముందుగా దరఖాస్తు చేసుకునే అవకాశం మాత్రమే. విదేశీ సభ్యుల్ని చాలా క్లబ్బులు చేర్చుకుంటాయి. చేరేముందు రద్దు నిబంధన చదవండి: గడువులోపు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే మరుసటి ఏడాదికి దానంతటదే కొనసాగి, కార్డులో డబ్బు కట్ అవుతుంది.