అప్‌డేట్: శస్త్రచికిత్స తరువాత టానింగ్ బెడ్ వాడవచ్చా?

పొట్టపై శస్త్రచికిత్స జరిగి కుట్లు తీసేశాక, మచ్చ మీద బట్ట కప్పుకుని, చర్మం రంగు ముదరడానికి అతినీలలోహిత కాంతినిచ్చే టానింగ్ బెడ్‌లో పడుకోవచ్చా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అదే ప్రశ్న సర్జన్ గారిని అడిగితే ఖచ్చితంగా వద్దన్నారు.

కొత్త మచ్చలోని లేత చర్మానికి అతినీలలోహిత కిరణాలు తగిలితే అది చుట్టుపక్కల చర్మం కన్నా ముదురుగా నల్లబడుతుందని, ఆ రంగు ఒక్కోసారి శాశ్వతంగా నిలిచిపోతుందని, మచ్చ పూర్తిగా కుదుటపడడానికి 12 నుంచి 18 నెలలు పట్టవచ్చని ఆయన వివరించారు. పలుచని బట్ట నేతలోంచి కిరణాలు కొంత లోపలికి వెళ్తాయి కాబట్టి నా ఉపాయం చెల్లలేదు. ఇక్కడ ఎవరూ ప్రస్తావించని విషయం మందులది: నేను వాడుతున్న డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వల్ల చర్మం అతినీలలోహిత కాంతికి మామూలు కన్నా త్వరగా కమిలిపోతుందట, మందుతో వచ్చిన కాగితంలో ఆ హెచ్చరిక కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ఉంది.

మచ్చ సంగతి పక్కన పెట్టినా, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఈ పరికరాలను పొగాకు ఉన్న, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని తేలినవాటి మొదటి వర్గంలోనే చేర్చింది. రంగునిచ్చే లోషన్ మాత్రం, గాయం పూర్తిగా మూసుకున్నాక, మచ్చను వదిలి మిగతా చోట పూసుకోవచ్చన్నారు. టానింగ్ సెంటర్ సభ్యత్వం రద్దు చేయమని రాశాను. డబ్బు తిరిగిస్తారో లేదో చూడాలి.