సూది బెజ్జం, ఒంటె: ధనవంతుడికి దారే లేదా?

ప్రశ్న: ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం సులభమని యేసు అన్నాడు (మార్కు 10:25). ఆ సూది బెజ్జం యెరూషలేములో ఓ చిన్న ద్వారమని, బరువు దించితే ఒంటె దూరేదని ప్రసంగాల్లో చెబుతారు. నిజమేనా అండీ?

జవాబు: కాదండీ. అలాంటి ద్వారానికి ఆనాటి ఆధారమేదీ లేదు. పైగా 27వ వచనం ఇది మనుషులకు అసాధ్యమనే అంటుంది. ద్వారం కథ ఒప్పుకుంటే ఆ మాటకు పనే ఉండదు.

జవాబు: కొన్ని గ్రీకు ప్రతుల్లో 'కామెలోస్' (ఒంటె) బదులు 'కామిలోస్' (మోకు) ఉంది. మోకు మాత్రం దూరుతుందా!

జవాబు: ధనవంతులంతా ఆస్తి మొత్తం అమ్మేయాలా అంటే, అన్నీ అమ్మి బీదలకివ్వమని యేసు అక్కడ చెప్పింది తన దగ్గరికొచ్చిన ఓ ధనవంతుడితో (మార్కు 10:21). పన్ను వసూలుదార్ల పెద్ద, ధనవంతుడు అయిన జక్కయ్య (లూకా 19:8) బీదలకిస్తానన్నది ఆస్తిలో సగం. అన్యాయంగా తీసుకున్నదానికి మాత్రం నాలుగింతలు. తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదోవంతు కలిపి ఇస్తే చాలని లేవీయకాండము 6:5. అంటే 100కి 120 చాలు, జక్కయ్య 400 ఇస్తానన్నాడు. దానం వేరు, తిరిగి చెల్లించడం వేరు. చాలామంది రెండూ కలిపేస్తారు.

జవాబు: 1 తిమోతి 6:10 కూడా తప్పుగానే చెబుతారు. కీడుకు మూలమన్నది ధనాపేక్షను, ధనాన్ని కాదు.