నోరు విప్పి చెప్పని పిల్లాడికి పాఠం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

బుజ్జిగాడి అమ్మ:

అందరికీ నమస్కారం. మా బాబుకి ఐదున్నరేళ్లు. స్కూలు మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను. ఎందుకు మాన్పించామంటే పెద్ద కథ. బెల్లు మోగితే చాలు, చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు. ఎవరు పిలిచినా బయటికి వచ్చేవాడు కాదు. ఇంటికొచ్చాక ఏడుపు, ఆ ఏడుపులోనే నిద్ర. ఆ నిర్ణయం అయిపోయింది, మళ్లీ దాని మీద చర్చ పెట్టొద్దని మనవి.

సొంతంగా అనే మాటలు చాలా తక్కువ. అవీ మాకు అర్థమవుతాయి గానీ బయటివాళ్లకి కావు. కార్టూన్‌లో విన్న వాక్యాలు మాత్రం పొల్లు పోకుండా, అదే రాగంతో అప్పజెప్తాడు. "అయ్యో, బండి ఆగిపోయిందే!" అన్నది ఇప్పుడు నడుస్తున్న మాట. విచిత్రం ఏమిటంటే బండి ఉండక్కర్లేదు. చొక్కా బొత్తాం పట్టకపోయినా, బొమ్మల డబ్బా మూత రాకపోయినా అదే అంటాడు.

చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటుందని అన్నీ కత్తిరించేశాను. చేతికి జిగురు అంటితే గీ పెడతాడు. కానీ సోఫా మీంచి దూకడం, గోడకి వీపు గుద్దుకోవడం, గిరగిరా తిరగడం అంటే మహా ఇష్టం. కాలు ఒకచోట నిలవదు.

ఇక అసలు సంగతి. అక్షరాల కార్డులు పట్టుకుని "ఇదేంటి నాన్నా?" అంటే నోరు విప్పడు. రెండోసారి అడిగితే మొహం తిప్పుకుంటాడు. మూడోసారికి కార్డు గాల్లో ఉంటుంది. ఏమీ రాలేదనుకుని మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెడుతుంటాను. మొన్న కార్డులు నేల మీద పరిచి ఉన్నాయి. వాటిలో "క" తలకిందులుగా పడింది. వాడు అటుగా పరిగెత్తుతూ ఆగాడు, వంగి ఆ ఒక్క కార్డునీ సరిగ్గా తిప్పి పెట్టాడు, మళ్లీ పరిగెత్తాడు. నేను అలా చూస్తూ ఉండిపోయాను. వాడికి తెలుసా? తెలిస్తే ఎందుకు చెప్పడు? చెప్పకపోతే వచ్చిందని నేనెలా అనుకోవాలి?

ఇంకో రెండు సందేహాలు. కావలసింది బొమ్మల కార్డు చూపించి అడగడం వాడికి అలవాటు చేస్తే, వాడిక మాట్లాడే పని పెట్టుకోడని మా అత్తగారి భయం. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు కాబట్టి ఒక భాష మానేయమని ఇంకొందరి సలహా. ఎవరి మాట వినాలో తెలియక తల ప్రాణం తోకకొస్తోంది.

మాటల్లేని పాప అమ్మ:

అమ్మా, ముందు ఆ "ఇదేంటి?" మానేయండి. మా పాపకి ఇప్పుడు పదేళ్లు, కథల పుస్తకాలు చదువుతుంది, ఈరోజుకీ ఆ ప్రశ్న అడిగితే జవాబివ్వదు. మాట పలకడమే కష్టమైన పిల్లలకి అందులో రెండు పనులున్నాయి: జవాబు గుర్తు తెచ్చుకోవడం, దాన్ని నోటితో పలకడం. రెండోది కుదరకపోతే మొదటిది ఉన్నా బయటికి రాదు. మీకు కావలసింది మొదటిదే కదా, రెండోదాన్ని పక్కన పెట్టి అడగండి.

నేను చేసింది ఇది. నాలుగు కార్డులు నేల మీద పెట్టి "మ ఎక్కడుందో చూద్దాం" అనేదాన్ని. వేలితో చూపించినా సరే, కాలితో తొక్కినా సరే, తీసి బుట్టలో పడేసినా సరే. విసరడం ఇష్టమైతే విసరనివ్వండి, డబ్బాలోకి. మీవాడికి ఆ ఆట బాగా నచ్చుతుందని నా అనుమానం. ఒక జాగ్రత్త: రెండే కార్డులు పెడితే గుడ్డిగా తీసినా సగం సార్లు సరైనదే వస్తుంది. కొందరు పిల్లలు ఎప్పుడూ కుడిచేతి వైపుదే తీస్తారు. అందుకని నాలుగు పెట్టండి, చోట్లు మారుస్తూ ఉండండి. తేదీ వేసి ఓ పుస్తకంలో టిక్కు పెట్టుకోండి. ఒక్కరోజు చూసి వచ్చిందనీ అనుకోవద్దు, రాలేదనీ అనుకోవద్దు.

ఇంకోటి, కావాలని తప్పు చదవండి. పిల్లి బొమ్మ చూపించి "ఏనుగు" అని చదివితే మా పాప నా గడ్డం పట్టుకుని పుస్తకం వైపు తిప్పేది. అంతకన్నా స్పష్టమైన జవాబు ఏముంటుంది? "క" తిప్పిపెట్టాడంటే దాని నిలువు ఎటో మీవాడికి తెలుసు. దాని శబ్దం తెలుసా అన్నది ఈ ఆటల్లో తేలుతుంది.

కూర్చోబెట్టే పని కూడా మానుకోండి. మా ఇంట్లో సగం చదువు బోర్లా పడుకునే జరిగింది. పాఠానికి ముందు పుస్తకాలు నింపిన బుట్టని గది ఈ చివర నుంచి ఆ చివరికి తోయించేదాన్ని. తర్వాత కాసేపు కుదురుగా ఉండేది. ఆ కాసేపట్లో అయినంతే పాఠం.

వృత్తిరీత్యా స్పీచ్ థెరపిస్ట్‌ని:

పైన చెప్పినవి చాలా మంచి సలహాలు. నేను కొన్ని చేరుస్తాను.

వినికిడి పరీక్ష చేయించారా? చప్పుళ్లకి చెవులు మూసుకుంటాడు కాబట్టి బాగానే వినపడుతుందని చాలామంది అనుకుంటారు. రెండింటికీ సంబంధం లేదు. కర్ణభేరి వెనక ద్రవం చేరినా మాటలు మందంగా, తేడా తెలియకుండా వినపడతాయి. పరీక్ష చేయించాకే మిగతావి మాట్లాడుకోవాలి.

"బండి ఆగిపోయిందే" గురించి మీరు రాసింది చదివి నాకు సంతోషమేసింది. అది ఊరికే అప్పజెప్పడం కాదండీ. ఏదైనా పని అడ్డం తిరిగినప్పుడు వాడు వాడుకునే వాక్యం అది. ఇలా విన్నదాన్ని మళ్లీ అనడాన్ని ఎకోలేలియా అంటాం. దాని వెనక తరచూ ఒక ఉద్దేశం ఉంటుందని బ్యారీ ప్రిజాంట్ లాంటి స్పీచ్ నిపుణులు 1980లలోనే రాశారు. "అలా అనకూడదు" అని దిద్దకండి. ఆ క్షణంలో వాడికి పనికొచ్చే మాట మీరే అనండి: "మూత రావట్లేదు. అమ్మా, తియ్యి." వాడు తిరిగి అనాలని ఎదురుచూడకుండా మూత తీసి ఇచ్చేయండి. మళ్లీ మళ్లీ అదే సందర్భంలో అదే మాట వినపడాలి, అంతే.

అత్తగారి భయం చాలా ఇళ్లలో ఉన్నదే. మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలని జల్లెడ పట్టారు. సైగలు, బొమ్మలు, పరికరాలతో చెప్పడం నేర్చుకున్నవారిలో గట్టి ఆధారాలున్నవి 27 మందివి. వాళ్లలో ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి పెరిగింది. ఆ పెరుగుదల చాలామందిలో కొద్దిపాటిదే, కాబట్టి బొమ్మలు పెట్టగానే గలగలా మాట్లాడేస్తాడని నేను ఆశ పెట్టను. తనకేం కావాలో చెప్పగలిగితే మాత్రం కార్డులు విసరాల్సిన అవసరం తగ్గుతుంది. ఒక్క మాట, బొమ్మల బోర్డు వాడికి ఇచ్చి ఊరుకోకండి. మీరు మాట్లాడేటప్పుడు మీరే వాటిని చూపిస్తూ మాట్లాడండి. మనం వాడని భాష పిల్లాడు ఎక్కడ నేర్చుకుంటాడు? అడిగాక కూడా కాస్త ఎక్కువసేపే ఆగండి. మనకి అది చాలా పెద్ద మౌనంలా అనిపిస్తుంది, వాడికి ఆ సమయం కావాలి.

రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఆటిజం ఉన్న పిల్లల్లోనూ రెండు భాషల వల్ల నష్టం అధ్యయనాల్లో కనపడలేదు. మీకు మనసులోంచి వచ్చే భాష మానేస్తే వాడికి దక్కే మాటలే తగ్గిపోతాయి.

ఈలలు ఊదించడం, బుడగలు ఊదించడం లాంటివి చేయమని ఎవరైనా చెప్తే సరదాకి చేయండి. మాట పలకడం నేర్వాలంటే మాటలనే పలికించాలి, ఊదడం వల్ల శబ్దాలు వస్తాయనడానికి ఆధారం లేదు. అలాగే పిల్లాడి చెయ్యి మీరు పట్టుకుని అక్షరాల మీద పెట్టించి "వాడే చెప్పాడు" అనే పద్ధతుల జోలికి వెళ్లొద్దు. అలా వచ్చే జవాబులు పట్టుకున్నవాళ్లవేనని పరీక్షల్లో మళ్లీ మళ్లీ తేలింది. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో దాన్ని వాడొద్దని స్పష్టంగా ప్రకటించింది. చూపించేది వాడి వేలే అవ్వాలి, మీ చెయ్యి దూరంగా ఉండాలి.

ఒకటో తరగతి టీచర్:

చర్చ వద్దన్నారు గానీ ఒక్కమాట. తోటి పిల్లలు లేకుండా మాట ఎలా వస్తుందండీ? ఇంట్లో అయితే వాడు అడగకముందే అన్నీ అందుతాయి.

బుజ్జిగాడి అమ్మ:

టీచర్ గారూ, బల్ల కింద కూర్చున్నప్పుడూ వాడు తోటి పిల్లలతో మాట్లాడలేదు కదండీ. రోజూ పక్కింటి పాప వస్తుంది, ఒక్కతే. ఇద్దరూ దుప్పటి కప్పుకుని టార్చి వేసుకుంటారు. ప్రస్తుతానికి అది చాలు. అడగకముందే ఇచ్చేయడం గురించి అన్నది మాత్రం పట్టించుకోదగ్గదే. డబ్బా మూతలు కాస్త గట్టిగా బిగిస్తున్నాను ఇప్పుడు.

బుట్ట ఆట ఆడాం. నాలుగు కార్డులు పెట్టి "మ" అనగానే "మ" తీసి డబ్బాలో కొట్టాడు, గురి తప్పకుండా. చోట్లు మార్చినా అంతే. "త", "న" మాత్రం కలగాపులగం చేస్తున్నాడు, అది నాకు కొత్త సమాచారం. ఇన్నాళ్లూ అన్నీ రావనుకుని మొదటినుంచి చెప్తున్నానుగా!

ఎవరైనా గోడ గుద్దుకోవడం గురించి చెప్తారా?

ఇద్దరు మగపిల్లల నాన్న:

మా పెద్దాడు అచ్చం ఇంతే. మాకు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణురాలు) చెప్పింది ఏంటంటే, కండరాల నుంచీ కీళ్ల నుంచీ మెదడుకి "నువ్విక్కడున్నావు" అని సమాచారం వెళ్తూ ఉంటుంది, లోపలి చెవి నుంచి బ్యాలెన్స్ సంగతి వెళ్తుంది. కొందరు పిల్లలకి అది సరిపోక గుద్దుకుని, తిరిగి తెచ్చుకుంటారు. ఈ ఆలోచనకి పునాది వేసింది జీన్ ఆయర్స్ అనే అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్ట్. దీని మీద ఆధారపడి చేసే వ్యాయామాలని సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ అంటారు. అయితే అదే మందు అన్నిటికీ అనుకోకండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో ఈ థెరపీ మీద పరిశోధన పరిమితంగానే ఉందనీ, పెట్టుకున్న లక్ష్యాలతో ఫలితం పోల్చి చూసుకోవాలనీ చెప్పింది. మేమూ అలాగే చేశాం. ఊయల ఊగాక మావాడు ఇంకా రెచ్చిపోయేవాడు, దాన్ని సాయంత్రానికి జరిపాం. బరువు మోయడం, తోయడం పనిచేశాయి, ఉంచుకున్నాం. గోడకి దిళ్లు కట్టి గుద్దుకోమన్నాం. తల గుద్దుకుంటే మాత్రం డాక్టరుకి చూపించండి.

చెవులకి హెడ్‌ఫోన్లు పెడితే గోల ఉన్నచోటే పెట్టండి. రోజంతా పెట్టి ఉంచితే చప్పుళ్లంటే ఇంకా సున్నితం అయ్యే వీలుందని ఆడియాలజిస్టులు (వినికిడి నిపుణులు) అంటారు.

బుజ్జిగాడి అమ్మ:

చాలా థాంక్స్ అండీ. థెరపిస్ట్ గారికి ఒక ప్రశ్న. బొమ్మల బోర్డు చేశాను, అందులో "ఆపేయ్" అని ఒక చెయ్యి బొమ్మ పెట్టాను. అన్నిటికన్నా ముందు అదే నేర్చుకున్నాడు! పుస్తకం తెరుస్తుంటేనే "ఆపేయ్" చూపిస్తాడు. పళ్లు తోమేటప్పుడూ అదే. చదువంతా ఆగిపోయింది. ఆ బొమ్మ తీసేయనా?

వృత్తిరీత్యా స్పీచ్ థెరపిస్ట్‌ని:

తీయొద్దు. కార్డు విసరకుండా వద్దని చెప్పాడు, ఎంత పెద్ద మెట్టు! ఇప్పుడు దాన్ని లాగేసుకుంటే మళ్లీ విసురుళ్లే. కొన్నాళ్లు చూపించగానే నిజంగానే ఆపేయండి, అప్పుడే ఆ బొమ్మకి విలువుందని నమ్ముతాడు. ఈలోగా పాఠం ఎంత చిన్నది చేయాలంటే, వాడి చెయ్యి బోర్డు దాకా వెళ్లేలోపే అయిపోవాలి: ఒక్క కార్డు, డబ్బాలోకి, అయిపోయింది. ఆ తర్వాత "ఇంకొకటి" అనే బొమ్మని పక్కనే పెట్టి, వాడు "ఆపేయ్" అన్నప్పుడు "సరే, ఇంకొకటి, ఆపేద్దాం" అని రెండూ వరసగా చూపించండి. ఆ ఒక్కటి కాగానే మాట తప్పకుండా ఆపేయండి.

పళ్లు తోమడం లాంటివి ఆపడానికి వీల్లేనివి. వాటికి "ఆపేయ్" బదులు పది దాకా అంకెలు గట్టిగా లెక్కపెట్టి ముగించండి, ఎప్పుడు అయిపోతుందో వాడికి వినపడాలి. బ్రష్షు కుచ్చు గట్టిగా ఉందేమో కూడా చూడండి. లేబుల్ గుచ్చుకునే పిల్లాడికి అదీ గుచ్చుకుంటుంది.